‘నెల తప్పడం’ – పలుకుబడి ఒకటి, కారణాలు వేరు

ప్రశ్న: ‘నెల తప్పింది’ అంటే గర్భం ధరించిందని మాత్రమే అర్థమా? పరీక్షల దిగులుతో బహిష్టు రాని అమ్మాయి విషయంలో ఆ మాట వాడవచ్చునా?

సమాధానం: వాడకపోవడమే మంచిది. ‘కోడలు నెల తప్పింది’ అన్నా, ‘నీళ్ళోసుకుంది’ అన్నా తెలుగువారికి తట్టేది గర్భమే. దిగులువల్ల ఆగినప్పుడు ‘నెలసరి రాలేదు’, ‘బహిష్టు ఆగింది’ అనాలి. అయితే దారి తప్పడం, లెక్క తప్పడం, లయ తప్పడం వంటి మాటల్లో ‘తప్పు’ క్రియకు క్రమం నుంచి తొలగడమనే అర్థం ఉంది. ఆ అమ్మాయి శరీరంలో జరిగేదానికి ‘లయ తప్పడం’ అన్న మాట అక్షరాలా సరిపోతుంది.

మెదడు అడుగుభాగాన హైపోథాలమస్‌లోని కొన్ని నాడీకణాలు జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోనును ధారగా కాక, ఆగి ఆగి విడతలుగా వదులుతాయి. ఆ విడతలను బట్టి, మెదడు కింద ఉండే పీయూష గ్రంథి (పిట్యూటరీ) ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లను రక్తంలోకి పంపితే అండాశయంలో అండం పక్వమై విడుదలవుతుంది. ఇందులో లయకు ఎంత ప్రాధాన్యం ఉందో 1978లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ క్నోబిల్ బృందం కోతులలో చూపించింది. సొంతంగా ఆ హార్మోను తయారుకాని కోతులకు దానిని గంటకొకసారి ఇచ్చినప్పుడు పీయూష గ్రంథి చక్కగా పనిచేసింది. అదే హార్మోనును ఎడతెగకుండా ఎక్కించినప్పుడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ పడిపోయాయి.

ఈ లయను నడిపేవి కిస్‌పెప్టిన్ అనే సంకేత పదార్థాన్ని తయారుచేసే నాడీకణాలు. వాటిలోనే ఉండే న్యూరోకినిన్ బి అనే పదార్థం ప్రతి విడతనూ మొదలుపెడితే, డైనార్ఫిన్ అనే మరో పదార్థం దానిని ఆపుతుంది. తీవ్రమైన ఒత్తిడి, చాలని తిండి, మితిమీరిన వ్యాయామం ఈ కణాలను అణచివేస్తాయి గనుక విడతలు పలచబడి, అండం విడుదల కాక, బహిష్టు ఆగిపోతుంది. అండాశయంలో ఏ లోపమూ లేకుండానే ఇది జరుగుతుంది. అందువల్ల అలాంటి పిల్లను ‘లోపం ఉన్నది’ అనడం అన్యాయమని గట్టిగా చెప్పదలచాను.

అండాశయానికి నేరుగా నరాలు కూడా చేరతాయి. వాటి కొసల నుంచి వెలువడే నారడ్రినలిన్ అనే రసాయనం, అండం పెరిగే సంచుల (అండపుటికల) చుట్టూ ఉండే కణాలు పురుష హార్మోన్లను తయారుచేయడాన్ని పెంచుతుంది. ఈస్ట్రడయాల్ వాలరేట్ అనే స్త్రీ హార్మోను మందు ఇచ్చి అండాశయాల్లో తిత్తులు కలిగించిన ఎలుకలలో, అండాశయానికి వెళ్ళే ఒక ముఖ్యమైన నరాన్ని కత్తిరిస్తే అండాల విడుదల తిరిగి మొదలైంది. దీన్నిబట్టి మనుషుల్లోని పీసీఓఎస్ (పురుష హార్మోన్లు పెరిగి, అండాల విడుదల క్రమం తప్పే సమస్య) అంతా నరాల జబ్బేనని అనుకోరాదు. నరాలను కలపకుండా అతికించిన అండాశయపు ముక్కలు కూడా పనిచేస్తాయి; కవల సోదరి ఇచ్చిన అండాశయ కణజాలంతో ఒక మహిళ 2005లో అమెరికాలో బిడ్డను కన్నది. కాబట్టి నరాలు అండాశయపు పనిని హెచ్చుతగ్గులు చేస్తాయే గాని, అవి లేకపోతే ఆ పని నిలిచిపోదు.

మరొక ప్రశ్న: మా పెద్దవాళ్ళు ‘బెంగతో ముట్టు ఆగింది’ అంటారు. అది నిజమేనా?

సమాధానం: నిజమే, కాని బెంగ అని తేల్చుకునే ముందు గర్భ పరీక్ష చేయించుకోవాలి. ఆపైన వాడుతున్న మందులను చూడాలి. డోపమిన్ అనే న్యూరోట్రాన్స్‌మిటర్ (నాడీకణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం), పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోనును ఎప్పుడూ అదుపులో ఉంచుతుంది. వాంతులకు, గ్యాస్‌కు మన ఇళ్ళలో తేలిగ్గా మింగే మాత్రలు కొన్నింటిలో ఉండే డోంపెరిడోన్, లెవోసల్పిరైడ్ ఆ డోపమిన్ పనికి అడ్డుపడతాయి. అప్పుడు ప్రొలాక్టిన్ పెరిగి, జీఎన్‌ఆర్‌హెచ్ విడతలు తగ్గి, బహిష్టు ఆగవచ్చు. కొందరికి పాలు కూడా వస్తాయి. క్రమంగా వచ్చే బహిష్టు మూడు నెలలు రాకపోతే డాక్టరుకు చూపించుకోవాలి, వెళ్ళేటప్పుడు మింగుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకువెళ్ళాలి.