రాడార్ ముందు కూర్చునే మనిషిని సిమ్యులేషన్‌లో ఎలా చూపించాలి?

నమస్కారమండీ. విజయవాడలో ఎంటెక్ చేస్తున్నాను. గగనతల రక్షణలో ఆటోమేషన్ పెంచితే ఆపరేటర్ తీరు ఎలా మారుతుందన్నది నా ప్రాజెక్టు. 2003 ఇరాక్ యుద్ధంలో అమెరికా గగనతల రక్షణ క్షిపణి వ్యవస్థ పేట్రియట్ బ్రిటన్ టోర్నడో విమానాన్ని శత్రు క్షిపణిగా పొరబడింది, సిబ్బంది కూల్చేశారు, ఇద్దరు చనిపోయారు. ఆలోచన అక్కడే మొదలైంది.

మనిషి ఆలోచనను అనుకరించే ఏసీటీ-ఆర్ (ACT-R) అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక ఆపరేటర్‌ని తయారుచేశాను. చిక్కేమిటంటే వాడు అలిసిపోడు. మూడొందలో అలర్ట్‌కీ మొదటిదానికున్నంత శ్రద్ధే! అదే మా రూమ్మేట్‌ని బెంజ్ సర్కిల్ గదిలో లాప్‌టాప్ ముందు కూర్చోబెడితే, అరగంటకే తెర చూడకుండా ‘ఓకే’ నొక్కేస్తున్నాడు (కరెంటు పోతే ఇంకా త్వరగా). యంత్రం మీద ఈ గుడ్డి నమ్మకాన్ని మోడల్లోకి ఎలా తేవాలి? యుటిలిటీ లెర్నింగ్ (మంచి ఫలితమిచ్చిన పద్ధతినే మోడల్ మళ్లీ మళ్లీ ఎంచుకోవడం నేర్చుకోవడం) సరిపోతుందా, అలసటను విడిగా కలపాలా? ఇలాంటిది చేసినవాళ్లుంటే చెప్పండి, మా గైడ్‌గారికీ ఇది కొత్తే.