భవిష్యత్తును చెప్పే ఇంగ్లీషు ఉపవాక్యాల్లో ‘విల్’ ఎప్పుడు వాడాలి?

పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఇంగ్లీషు వ్యాకరణం చెబుతూ ఒకచోట ఆగిపోయాను. ‘వెన్ హి కమ్స్, ఐ విల్ టెల్ హిమ్’ అన్న వాక్యంలో అతను రావడం రేపటి సంగతే అయినా క్రియ వర్తమానంలోనే ఉంటుంది. ‘ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్’ అన్నప్పుడు మాత్రం అదే ‘వెన్’ తరువాత ‘విల్’ వస్తుంది. మొదటిదాన్ని ‘వచ్చినప్పుడు’ అనీ, రెండోదాన్ని ‘ఎప్పుడు వస్తాడో’ అనీ తెలుగులో చెప్పుకుంటే ఈ తేడా చక్కగా తెలుస్తోంది. ‘ఇఫ్’ విషయంలోనూ ‘వస్తే’, ‘వస్తాడో రాడో’ అన్న రూపాలు అలాగే దారి చూపాయి. అయితే ‘ది స్టూడెంట్ హు ఫినిషెస్ ఫస్ట్ విల్ గెట్ ఎ ప్రైజ్’ అనే వాక్యంలో ‘హు’ తరువాత ‘విల్’ ఎందుకు అక్కరలేదో, ‘ఐ హోప్’ తరువాత వర్తమాన క్రియ, ‘విల్’ రెండూ ఎలా చెల్లుతాయో వివరించలేకపోయాను. తెలిసినవారు దయచేసి ఉదాహరణలతో చెప్పగలరా?