ఈస్టర్ రాత్రి అల్లెలూయ నా నోట రాలేదు. పిల్లలకు ఆశ గురించి ఏమి చెప్పాలి?

మూడో బెంచీ (ప్రశ్న):
మా విచారణలో (మా చర్చి పరిధిలో) ఆదివారాలు పిల్లలకు సత్యోపదేశం, అంటే మత పాఠాలు, చెప్తాను. ఆరేళ్ళుగా చేస్తున్న పనే. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలమైన ఈ తపస్కాలంలో మా అన్నయ్య పోయాడు. ఈస్టర్ ముందు రాత్రి జరిగే పాస్కా జాగరణకు వెళ్ళాను, అందరితోపాటు క్రొవ్వొత్తి వెలిగించుకున్నాను. తపస్కాలమంతా పాడకుండా దాచుకున్న అల్లెలూయ అనే స్తుతిగీతాన్ని జనం ఒక్కసారిగా ఎత్తుకుంటే నాకు మాత్రం గొంతు పెగల్లేదు. పక్కనున్నావిడ చూసి, "ఈ రోజు కూడా ఏడుపేనా, ప్రభువు లేచాడు కదమ్మా" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అయినా ఆ మాట కంట్లో నలుసులా ఉండిపోయింది.

అసలు చిక్కు తరువాతి ఆదివారం వచ్చింది. లేచిన ప్రభువు గాయాలను చూస్తేగాని నమ్మనన్న శిష్యుడు తోమా కథ చెప్తుంటే ఎనిమిదేళ్ళ పిల్లవాడు లేచి, "యేసు మూడో రోజున లేచాడు కదా టీచర్, మా నాయనమ్మ పోయి చాలా రోజులైంది, ఎప్పుడు లేస్తుంది?" అని అడిగాడు. పరలోకంలో ఉంది నాన్నా అన్నాను. "నేను అడిగింది అది కాదు" అన్నాడు. నిజమే, వాడు అడిగింది అది కాదు.

వాడికి ఏమి చెప్పాలి? నాకే లేని సంతోషాన్ని నటించకుండా చెప్పడం ఎలా?

వాక్యమే దీపం:
కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 15వ అధ్యాయం చదవండి, చదివించండి. క్రీస్తు లేవకపోతే మన విశ్వాసమే వ్యర్థమని పౌలు తేల్చి చెప్పాడు. మరణం ఓడిపోయింది. ఇక దుఃఖానికి చోటెక్కడ?

మూడో బెంచీ:
ఆ అధ్యాయం నాకు కంఠస్థం. అన్నయ్య సమాధి దగ్గర చదివింది నేనే.

వత్తి కత్తిరించేవాడు:
దేవాలయంలో దీపాలూ వస్త్రాలూ చూసుకునే పని నాది. ప్రసంగం నాకు చేతకాదు, పాస్కా క్రొవ్వొత్తి గురించైతే చెప్పగలను.

ఏటా కొత్తది వస్తుంది. దాని మీద శిలువ, ఆల్ఫా, ఒమేగా (గ్రీకు మొదటి, చివరి అక్షరాలు), ఆ సంవత్సరం అంకెలు, అయిదు గాయాలకు గుర్తుగా అయిదు సాంబ్రాణి గింజలు. లేచిన ప్రభువును వెలుగుగా చూపించే వస్తువు మీద కూడా గాయాలను చెరిపేయలేదు, గమనించారా? పెంతెకోస్తు దాకా 50 రోజులు అది బలిపీఠం దగ్గర ఉంటుంది. ఆ తరువాత జ్ఞానస్నానపు తొట్టి పక్కకు చేరుతుంది. బిడ్డకు జ్ఞానస్నానమిస్తే చేతి క్రొవ్వొత్తిని దాని నుంచే వెలిగిస్తారు. ఎవరైనా పోతే దాన్నే శవపేటిక పక్కన నిలబెడతాం. నిరుడు ఒకే రోజు పొద్దున జ్ఞానస్నానం, సాయంత్రం భూస్థాపన. మధ్యలో నేను చేసిందల్లా వత్తి కత్తిరించడం, కారిన మైనం గీకడం. కాబట్టి ఆ వెలుగు పాడగలిగినవాళ్ళ కోసమే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంకో సంగతి. ఒకప్పుడు ఈ జాగరణను శనివారం పొద్దున్నే, ఎండలో కానిచ్చేవారు. 1951లో పన్నెండవ పయస్ పోపు దాన్ని మళ్ళీ రాత్రికి మార్చడానికి అనుమతించారు. చీకటి లేకుండా "క్రీస్తు వెలుగు" అని మూడుసార్లు పలికితే ఎవరికి కనబడుతుంది? మార్కు సువార్త చూడండి. ఖాళీ సమాధి చూసిన స్త్రీలు వణికిపోయి, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. అతి పాత ప్రతులు రెండింటిలో సువార్త అక్కడితోనే ఆగిపోతుంది. గొంతు పెగలని మొదటి మనిషి మీరు కాదు.

ఇక ఆ పిల్లవాడు. పెద్దలం మనం ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో "మృతుల పునరుత్థానం కోసం ఎదురుచూస్తున్నాను" అని గడగడా అప్పజెప్పి కూర్చుంటాం. ఎదురుచూసేవాడు అడగవలసిన ప్రశ్న "ఎప్పుడు?" అనేదే కదా, వాడొక్కడే అడిగాడు. పౌలు కూడా క్రీస్తును ప్రథమ ఫలం అన్నాడు. మొదటి కంకి కోతకొచ్చింది, మిగతా చేను ఇంకా నిలబడే ఉంది. నాయనమ్మ ఆ చేనులో ఉందని చెప్పండి.

ఆల్టో వరుస:
కంకి మాట బాగుంది. కానీ పరలోకం అన్న జవాబును మరీ తీసిపారేయకండి. మా ఆయన పోయిన ఏడు నన్ను నిలబెట్టింది ఆ ఒక్క మాటే. గాయకబృందంలో ఉండి కూడా రెండు ఈస్టర్లు నేను పెదవులు మాత్రం కదిపాను. పక్కవాళ్ళకు తెలుసు. నా వరుసను కూడా వాళ్ళే కాస్త గట్టిగా పాడేశారు. ఎవరూ ఏమీ అనలేదు.

మూడో బెంచీ:
ఈ ఆదివారం వాడితో మాట్లాడాను. ఎప్పుడో నాకూ తెలియదు, నేను కూడా మా అన్నయ్య కోసం ఎదురుచూస్తున్నాను అని చెప్పాను. తరగతిలో అన్నయ్య మాట ఎత్తడం అదే మొదటిసారి. కంకి, చేను కూడా చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "లేచాక మీ అన్నయ్య మిమ్మల్ని గుర్తుపడతారా?" అన్నాడు.

మగ్దల మరియమ్మ ప్రభువును తోటమాలి అనుకోవడం, పేరు పెట్టి పిలిచాకే గుర్తుపట్టడం వచ్చే వారం చెప్తానని తప్పించుకున్నాను. యోహాను 20వ అధ్యాయం పిల్లలకు చెప్పిన అనుభవం ఎవరికైనా ఉంటే శనివారంలోగా రాయండి.