ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు బల వ్యాయామాలు: బడిలో చేయించవచ్చా?

పాలమూరు తండ్రి:
మా అబ్బాయి మహబూబ్‌నగర్‌లో ఏడో తరగతి చదువుతున్నాడు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత వారానికి మూడు రోజులు ప్రార్థనకు ముందు దండీలు, బస్కీలు, ఇసుక సంచులతో కసరత్తు చేయిస్తామని వాళ్ల వ్యాయామ ఉపాధ్యాయుడు తల్లిదండ్రుల సమావేశంలో చెప్పారు. చిన్న వయసులో బరువులెత్తితే పొడవు పెరగరని మా ఇంట్లో పెద్దలు మొదటి నుంచీ చెబుతున్నారు. కబడ్డీ, ఖోఖో ఆడితే సరిపోదా? నేను ఒప్పుకోకూడదనే అనుకుంటున్నాను.

నల్లగొండ ఫిజియోథెరపిస్టు:
మీ పెద్దల భయానికి ఆధారం లేకపోలేదు. ఎదిగే వయసులో ఎముకల చివర్లలో మృదువైన పెరుగుదల పొర ఉంటుంది, దానికి గట్టి దెబ్బ తగిలితే ఆ ఎముక ఎదుగుదల దెబ్బతినవచ్చు. అయితే అలాంటి దెబ్బలు చెట్టు మీది నుంచో సైకిలు మీది నుంచో పడినప్పుడు, ఆటల్లో ఢీకొన్నప్పుడు కూడా తగులుతాయి. పక్కన పెద్దవారుండి పద్ధతిగా చేయించే కసరత్తు వల్ల పొడవు తగ్గుతుందని మాత్రం తేలలేదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2020లో ఈ విషయంపై ఇచ్చిన ప్రకటన కూడా సరైన పద్ధతి, పర్యవేక్షణ ఉంటే పిల్లలకు బల వ్యాయామం మంచిదేనని చెప్పింది. 5 నుంచి 17 ఏళ్ల వారు రోజుకు సగటున 60 నిమిషాలు చురుకైన శ్రమ చేయాలని, అందులో వారానికి కనీసం 3 రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది సూచించింది.

యుక్తవయసు రాని పిల్లలకు కసరత్తుతో కండలు పెద్దగా పెరగవు. నాడులు కండరాలను మరింత సమర్థంగా పనిచేయించడం నేర్చుకోవడం వల్లనే వాళ్లకు బలం వస్తుంది. కాబట్టి ఈ వయసులో బరువు పెంచడం కన్నా కదలికను సరిగ్గా నేర్పడమే అసలు పని. ఇక వ్యాయామశాలల్లో పిల్లలకు తగిలే దెబ్బల్లో చాలావరకు బరువు జారి వేళ్ల మీద పడటం వంటివే, అంటే కనిపెట్టుకునే మనిషి లేకపోవడం వల్ల జరిగేవే.

పాలమూరు తండ్రి:
పద్ధతి, పర్యవేక్షణ అంటున్నారు, బాగానే ఉంది. అరవై మంది పిల్లలకు ఒక్క సారు ఉన్నచోట ఆ రెండూ ఎలా సాధ్యం?

దేవరకొండ వ్యాయామ ఉపాధ్యాయుడు:
న్యాయమైన ప్రశ్న. అరవై మంది చేత ఒకేసారి ఇసుక సంచులు ఎత్తించడానికి నేనూ ఒప్పుకోను. మా బడిలో మొదటి నెల బరువు ముట్టనివ్వం. పిల్లవాడిని అడుగు ఎత్తున్న అరుగు మీది నుంచి దూకి రెండు కాళ్ల మీద నిలబడమంటాం. చాలామందికి మోకాళ్లు లోపలికి వాలి ఒకదానికొకటి తగులుతాయి, మడమలు గట్టిగా నేలకు కొట్టుకుంటాయి. మోకాళ్లు పాదాల వైపే వంగేలా, చప్పుడు కాకుండా దిగడం వచ్చేదాకా అదే చేయిస్తాం. తర్వాత చీపురు కర్రను వీపుకు ఆనించి, తల వెనుక, వీపు పైభాగం, నడుము కింద మూడు చోట్లా కర్ర అంటుకుని ఉండేలా బస్కీ తీయిస్తాం. కర్ర ఎక్కడ విడిచిందో జతగాడే చెబుతాడు కాబట్టి సగం పర్యవేక్షణ పిల్లలే చేసుకుంటారు. అది కుదిరినవారికే తేలికపాటి సంచి, పది పన్నెండు సార్లకు మించకుండా, మధ్యలో ఒక రోజు విడిచి.

మరో మాట. మన బడుల్లో గుంజీలు, దండీలు శిక్షగానే ఎక్కువ వాడుకలో ఉన్నాయి. శారీరక శిక్షను 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించినా అలవాటు పోలేదు. హోంవర్కు చేయనందుకు యాభై గుంజీలు తీసిన పిల్లవాడు మరునాడు అదే పనిని ఆరోగ్యం కోసం ఇష్టంగా చేస్తాడా? మీ బడి వారిని ముందుగా ఈ విషయమే అడగండి.

మునుగోడు సైన్సు ఉపాధ్యాయిని:
నాకు ఇంత నమ్మకం లేదు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పరిస్థితి మారింది గానీ, ఫ్లోరైడు నీటితో బతికిన ప్రాంతం మాది. పళ్ల మీది గారను అందరూ చూస్తారు, బిగుసుకున్న కీళ్లను, వంగని నడుమును ఎవరు గమనిస్తారు? అలాంటి పిల్లను బద్ధకమని గదమాయిస్తే? ఆడపిల్లల్లో రక్తహీనత సంగతి సరేసరి. ఉదయం ఏమీ తినకుండా బడికి వచ్చే పిల్లలకు మధ్యాహ్న భోజనమే మొదటి ముద్ద, ప్రార్థనకు ముందు కసరత్తంటే ఖాళీ కడుపుతోనే కదా.

నల్లగొండ ఫిజియోథెరపిస్టు:
వేళ గురించి మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. భోజనమైన రెండు గంటలకు, చివరి పీరియడ్‌లో పెట్టడం మేలు, ఎండాకాలంలో మాత్రం నీడ లేకుండా వద్దు. కీళ్లు బిగుసుకున్నట్లు అనుమానమున్న పిల్లలను ముందు వైద్యుడికి చూపించాల్సిందే. ఆడపిల్లలు సాధారణంగా మగపిల్లల కన్నా ముందే, పదకొండు పన్నెండేళ్లకే వేగంగా పొడవు పెరుగుతారు. ఆ వేగం ఉన్న నెలల్లో ఆడపిల్లలకైనా, మగపిల్లలకైనా మోకాలిచిప్ప కింద నొప్పి వస్తే దూకుళ్లు, పరుగులు తగ్గించాలి. ఓర్చుకొమ్మనడం తప్పు.

పాలమూరు తండ్రి:
అయితే ఇసుక సంచులు ఇప్పుడే వద్దని, వేళను మధ్యాహ్నానికి మార్చమని, శిక్షగా గుంజీలు తీయించబోమని రాతపూర్వకంగా ఇవ్వమని అడుగుతాను. ఈ మూడింటికీ ఒప్పుకుంటే మా వాడిని పంపుతాను, ఒప్పుకోకపోతే కబడ్డీతోనే సరిపెడతాను.