ఒకే గొలుసు, మూడు ఎక్స్‌రే మెషీన్లు, మూడు లెక్కలు. ఏది నమ్మాలి?

తనయ_ఒడ్డున (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. చెల్లెలి పెళ్లికి అమ్మ పాత గొలుసు ఇచ్చి కొత్తది తీసుకుందామని బయల్దేరాం. రెండు పేటల గొలుసు, 32 గ్రాములు. తాతగారి రోజుల్లో ఆచారి గారు ఇంటికొచ్చి చేసిన పని, ముద్రలేమీ లేవు. మా బజార్లో ఒక షాపులో మెషీన్‌లో పెడితే బంగారం 90.31 శాతం అని వచ్చింది. సరిహద్దు దాటి పాతపట్నంలో చూపిస్తే 91.94. బరంపురంలో చుట్టాలింటికి వెళ్లినప్పుడు అక్కడి టెస్టింగ్ సెంటర్లో 91.20 అని చీటీ ఇచ్చారు.

మార్చుకునే షాపువాళ్లేమో మా మెషీన్ చెప్పిందే లెక్క అంటున్నారు. కరిగింపు తరుగు మళ్లీ వేరేనట. 90.31కీ 91.94కీ మధ్య ఈ బరువు మీద అర గ్రాము మేలిమి తేడా వస్తోంది. ఇవాళ్టి రేటుకి అది చిన్న మాటా? తెర మీద రెండు దశాంశాల దాకా చూపించే మెషీన్ మూడు చోట్ల మూడు రకాలుగా ఎలా చెబుతుంది? అమ్మకి ఒకటే టెన్షన్. మావయ్యేమో ఈ మెషీన్లన్నీ బూటకం, గీటురాయి మీద గీయించండి అంటాడు.

నత్రికామ్లం

హాల్‌మార్కింగ్ సెంటర్లో నా ఉద్యోగమే ఇది, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

ముందు ఆ దశాంశాలు పక్కన పెట్టండి. ఎన్ని అంకెలు చూపించాలన్నది సాఫ్ట్‌వేర్ రాసినవాడి ఇష్టం. మెషీన్ మంచిదై, క్యాలిబ్రేషన్ (శాతం ముందే తెలిసిన బిళ్లతో మెషీన్‌ని సరిచేయడం) సరిగ్గా ఉండి, వస్తువు చదునుగా నున్నగా ఉంటే పావు శాతం అటూ ఇటూగా చెబుతుంది. చేతిపని గొలుసు మీద ఒక శాతం తేడా రావడం నాకేమీ వింత కాదు.

ఎక్స్‌రే తగలగానే ఒక్కో లోహం తనకంటూ ఉన్న శక్తితో ఎక్స్‌రేని తిరిగి వదుల్తుంది. రాగిది 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, బంగారానిది 9.7 దగ్గర ఒకటి, 11.4 దగ్గర ఒకటి, వెండిది 22 దగ్గర పడుతుంది. డిటెక్టర్ వాటిని లెక్కపెడుతుంది. ఇలా ఒక్కో శక్తి దగ్గర పడేదాన్ని గీత అంటాం. చిక్కేమిటంటే జింకు గీత ఒకటి 9.57 దగ్గర, అంటే బంగారం గీత పక్కనే కూర్చుంటుంది. బంగారంలో కల్తీగా కలిపే ఇరిడియం గీత 9.2 దగ్గర. ఎస్‌డీడీ (సిలికాన్ డ్రిఫ్ట్) అనే మేలైన డిటెక్టర్ ఉన్న మెషీన్ ఇరిడియాన్ని విడిగా చూస్తుంది, జింకుని లెక్క కట్టి విడదీస్తుంది. ప్రొపోర్షనల్ కౌంటర్ ఉన్న చవక రకానికి ఇవన్నీ కలిసి ఒకే దిబ్బ. అందులో ఎవరి వాటా ఎంతో సాఫ్ట్‌వేర్ ఊహించాల్సిందే. ఆఖర్న అన్నీ కలిపి 100 అయ్యేలా సర్దేస్తుంది కూడా. దాని జాబితాలో లేని లోహం వస్తువులో ఉంటే, ఆ వాటా మిగతావాటికి పంచేస్తుంది. అందుకే ‘మొత్తం వంద వచ్చింది కదండీ’ అని షాపులో అంటే నాకు నవ్వొస్తుంది.

ఇంకా పెద్ద సంగతి, అది చూసేది పైపొరనే. బంగారంలో పది మైక్రాన్లు దాటి లోపల ఏముందో దానికి తెలియదు. తల వెంట్రుక మందం అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

మీరు చేయాల్సిన పని చెబుతాను. వస్తువు పెట్టకముందే, వాళ్ల దగ్గరుండే 916 (అంటే 91.6 శాతం బంగారం) ప్రామాణిక బిళ్లని పెట్టి చూపించమనండి. మెషీన్ ఉన్న ప్రతి షాపులోనూ అది ఉండాలి. 91.6 దగ్గర రాకపోతే మీ గొలుసు సంగతి మాట్లాడుకోవడమే దండగ. వస్తే, గొలుసుని కదపకుండా ఒకే చోట మూడుసార్లు కొలవమనండి. తర్వాత ఎత్తి, మళ్లీ అదే చోట పెట్టి కొలవాలి. ఆ తర్వాత చోట్లు మార్చాలి. కదపకుండానే అంకె ఊగుతుంటే కొలిచే సమయం చాలట్లేదు. సమయం నాలుగింతలు చేస్తే ఆ ఊగుడు సగానికి తగ్గుతుంది. పది సెకన్లలో ముగించే షాపులు చాలా ఉన్నాయి, నిమిషం అడగండి. ఎత్తి పెట్టినప్పుడే మారితే వంపు మీద, సందుల మీద కిరణం సరిగ్గా పడట్లేదని. చోటు మారినప్పుడే మారితే తేడా మెషీన్‌లో లేదు, గొలుసులోనే ఉంది.

అయితే క్యాలిబ్రేషనే ఒక పక్కకి జరిగి ఉంటే, గంటసేపు కొలిచినా అదే తప్పు మరింత నిలకడగా వస్తుంది. కరెంటు ఎగుడుదిగుళ్లు, ఏసీ లేని గది, ఆన్ చేసిన వెంటనే కొలవడం, ఇవన్నీ దాన్ని పక్కకి జరిపేవే.

గీటురాయి (పాతపట్నం)

బాబూ, నలభై ఏళ్లకి పైగా ఈ పనిలోనే ఉన్నాను. మీ తాతగారి నాటి గొలుసంటే కడియం కడియానికీ (గొలుసులో ఒక్కో లింకుకీ) అతుకు ఉంటుంది. అతుకు పట్టాలంటే టంకం బంగారం ముందు కరగాలి, దానికి రాగీ వెండీ ఎక్కువ కలిపేవాళ్లం. మెషీన్ చుక్క అతుకు మీద పడితే తక్కువ, కడియం నడుమ పడితే ఎక్కువ.

రెండోది, మెరుగు. గొలుసుని కాల్చి, ఉప్పూ పటికా వేసిన చింతపండు పులుసులో మరగబెడతాం. పైన నల్లగా మారిన రాగి పులుసులోకి పోయి, బంగారం పచ్చగా తేలుతుంది. ఇప్పుడైతే యాసిడ్‌లో ముంచుతున్నారు. మెరుగు పెట్టిన వెంటనే మెషీన్‌లో పెడితే లేని వన్నె చూపిస్తుంది. మా ఊళ్లో 91.94 వచ్చిందన్నారు, ముందు కడిగి ఇస్తామని లోపలికి తీసుకెళ్లారా?

మీ మావయ్య గారికి చెప్పండి, రాయి మీద నా కన్ను 22 క్యారెట్లకీ 20కీ తేడా పట్టేస్తుంది. 91 శాతానికీ 91.5కీ మాత్రం పట్టదు. పడుతుందని ఎవరైనా అంటే ఆయన దగ్గర అమ్మకండి.

నత్రికామ్లం

ఆచారి గారు చెప్పింది అక్షరాలా నిజం.

బేరం తెగకపోతే ఇక ఫైర్ అస్సే (కొలిమిలో కాల్చి చేసే పరీక్ష) ఒక్కటే దారి. పావు గ్రాము ముక్క తీసి తూచి, దాని బంగారానికి రెండున్నర రెట్లు వెండి కలిపి, సీసం రేకులో చుట్టి కొలిమిలో పెడతాం. వేడి 1000 డిగ్రీలు దాటుతుంది. సీసం, రాగి గాలి తగిలి ఆక్సైడ్లుగా మారి మూసలోకి (వాటిని పీల్చుకునే చిన్న గిన్నెలోకి) ఇంకిపోతాయి. మిగిలిన పూసని కొట్టి, రేకులా సాగదీసి, చుట్ట చుట్టి నత్రికామ్లంలో మరిగిస్తే వెండి పోతుంది. కాఫీ పొడి రంగులో నలిగిన చుట్ట మిగులుతుంది. అది మళ్లీ కాలిస్తే బంగారు రంగు తిరుగుతుంది, అప్పుడు తూచడమే. పక్కనే స్వచ్ఛమైన బంగారం ముక్కకీ ఇదే పరీక్ష చేసి తప్పు సరిచేస్తాం. జంటగా చేసిన రెండు ఫలితాల మధ్య తేడా వెయ్యిలో అర భాగం దాటకూడదు.

దీనికీ ఒక గుడ్డి కన్నుంది. ఇరిడియం, రుథేనియం యాసిడ్‌కి కరగవు, చుట్టలోనే ఉండిపోయి బంగారంలా తూగుతాయి. అందుకే మా దగ్గర ముందు ఎక్స్‌రే, తర్వాతే కొలిమి.

తనయ_ఒడ్డున (పర్లాకిమిడి)

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. మా బజార్లో షాపుకి మళ్లీ వెళ్లి 916 బిళ్ల పెట్టమన్నాను. కాస్త నసిగారు. వాళ్లలో వాళ్లు ఒడియాలో ఏదో అనుకున్నారు, మనకి రాదనుకున్నారేమో! చివరికి డ్రాయరు లోంచి తీసి పెట్టారు. 90.7 చూపించింది. సేఠు గారి అబ్బాయే క్యాలిబ్రేషన్ చేసి మళ్లీ పెడితే 91.6. అప్పుడు మా గొలుసు, నిమిషం చొప్పున: కడియాల మీద 91.2, 91.4. కొక్కెం దగ్గర అతుకు మీద 89.8. పాతపట్నంలో అవును, కడిగి ఇస్తామని లోపలికి తీసుకెళ్లారు.

ఇప్పుడు మా ఎదురుగా కరిగించి, ఆ ముద్దని కొలుస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

నత్రికామ్లం

ఒప్పుకోవచ్చు. ముందూ వెనకా తూకం మీ కళ్ల ముందే జరగాలి. కరిగాక బాగా కలియబెట్టి పోయమనండి. ముద్ద పైనా కిందా ఆకురాయితో రాసి, ఆ కొత్త ముఖం మీద కొలవాలి. అతుకులన్నీ కలిసిపోతాయి కాబట్టి 91 చుట్టుపక్కల వస్తుంది. బరంపురం చీటీ దానికి దగ్గరగానే ఉంది. అసలు బంగారం శాతం మీదే డబ్బు కడుతున్నప్పుడు, కరిగించాక వచ్చిన బరువు మీద మళ్లీ తరుగు తీయనివ్వకండి.

కొత్త గొలుసు మీద మాత్రం అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఆ ఒక్క వస్తువుకే ఇచ్చే హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య) చూడండి, 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలొస్తాయి. అందులో చెప్పినదానికంటే స్వచ్ఛత తక్కువని తేలితే, తగ్గినదానికి రెట్టింపు పరిహారం అడిగే హక్కుంది.

గుణుపూర్_ప్యాసింజర్

మధ్యలో దూరుతున్నా. మా తాకట్టు కొట్టుకి బిస్కెట్లు వస్తుంటాయి. లోపల టంగ్‌స్టన్ పెట్టి పైన బంగారం పోత పోస్తే ఈ మెషీన్ పడుతుందా?

నత్రికామ్లం

పట్టదు, పోత మందంగా ఉంటే 99.9 అనే అంటుంది. నీళ్లలో తూచినా దొరకడం కష్టం, రెండిటి సాంద్రతా 19.3 దగ్గరే. అల్ట్రాసౌండ్ పెట్టండి, లేదా అడ్డంగా కోయించండి. కోయించడానికి ఒప్పుకోని బిస్కెట్‌ మీద అప్పివ్వకండి.