సమస్య: చుట్ట కాలెను మంత్రము పట్టువడెను

నిర్వాహకుడు:
స్క్రోల్‌ను (మంత్రం రాసి చుట్టిన పత్రం) మన ఆటగాళ్లు 'చుట్ట' అనడం విన్నప్పటి నుంచి ఈ పాదం నాలుక మీదే ఆడుతోంది. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. పొగచుట్ట అర్థంలో పూరించినా అభ్యంతరం లేదు, కానీ మంత్రం మాత్రం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో ఆడే పాత్రల ఆట) నియమాల ప్రకారమే పట్టుబడాలి. 5వ కూర్పు, 2014 పుస్తకం ప్రమాణం.

చుట్ట కాలెను మంత్రము పట్టువడెను

మషీపాత్ర:
విజర్డ్ (మాంత్రికుడు) స్క్రోల్‌లోని మంత్రాన్ని తన పుస్తకంలోకి ఎక్కించుకుంటున్నాడు. రెండో లెవెల్ (స్థాయి) మంత్రం, విజర్డ్ మూడో లెవెల్.

నాల్గు గంటలు కూర్చుండి నాణెములును
నూఱు మషికయి వెచ్చించి నోరు మూసి
పాచికను వేయఁ బండ్రెండు పైనఁ బడఁగ
చుట్ట కాలెను మంత్రము పట్టువడెను.

నిర్వాహకుడు:
మషీపాత్ర గారూ, లెక్కలు నిక్కంగా ఉన్నాయి. మంత్రం లెవెల్‌కు 2 గంటలు, 50 బంగారు నాణేలు, కాబట్టి 4 గంటలు, 100 నాణేలు. అభినందనలు. ఒక్క సంగతి: 'పడఁగన్' ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట), కాబట్టి తర్వాతి చకారం జకారమై 'పడఁగఁ / జుట్ట' కావాలి. ప్రాసయతికి (రెండో అక్షరాల పొత్తుతో కుదిరే యతికి) నష్టం లేదు కానీ సమస్య మొదటి అక్షరమే మారిపోతుంది.

ఇరవైముఖి:
ద్రుతం సరే, నియమం సంగతో? స్క్రోల్ నుంచి ఎక్కించుకునేటప్పుడు అర్కానా (మంత్రవిద్య) పరీక్ష డీసీ, అంటే అందుకోవాల్సిన అంకె, 10 + మంత్రం లెవెల్, అంటే ఇక్కడ 12. సరిగ్గా 12 వచ్చినా గెలిచినట్టే, 'పైన' పడనక్కర్లేదు. పైగా ఆ 12 ఇరవై ముఖాల పాచిక మీదే కనబడాల్సింది కాదు, పాచిక అంకెకు విజర్డ్ బలం కలుస్తుంది. మూడో లెవెల్‌లో ప్రొఫిషెన్సీ (నేర్పు) +2, ఇంటెలిజెన్స్ (తెలివి) 16 ఉంటే +3, మొత్తం +5. పాచిక మీద 7 పడితే చాలు. 100కు 70 పాళ్లు గెలుపే. పద్యం చదివితే మాత్రం సగానికి పైగా ఓడిపోతాడనిపిస్తుంది.

'నోరు మూసి' ఇంకా పెద్ద పొరపాటు. ఆ 4 గంటలూ ఉత్తినే నకలు రాయడానికి కావు. రాసినవాడి సంకేతాలను విప్పుకోవాలి, మంత్రం ధ్వనులూ చేతి కదలికలూ పట్టుబడేదాకా సాధన చేయాలి. 100 నాణేలు కూడా సిరాకు మాత్రమే కాదు, ఆ సాధనలో ఖర్చయ్యే సామగ్రికి కూడా. నోరు మూసుకుని కూర్చున్నవాడికి ఏ మంత్రం వస్తుంది?

మషీపాత్ర:
ఒప్పుకుంటున్నాను. సవరించాను:

నాల్గు గంటలు కూర్చుండి నాణెములును
నూఱు మషికయి వెచ్చించి నోరు తిప్పి
పాచికను వేసి యైదింటి బలముఁ గూర్చె;
చుట్ట కాలెను మంత్రము పట్టువడెను.

వాక్యం 'కూర్చె' దగ్గర ముగిసింది కనుక 'చ'కు 'జ' వచ్చే సరళాదేశం గొడవా తీరింది.

తేటనీరు:
'నోరు మూసి' కాస్తా 'నోరు తిప్పి' అయ్యేసరికి పద్యానికి ప్రాణం వచ్చింది. నోరు తిరగనివాడికి మంత్రం రాదన్న మాట మన పల్లెల్లోనూ ఉన్నదే.

పాతపొత్తం:
ఇంత చర్చలో ఎవరూ పాత 3.5 కూర్పును తలచుకోలేదు. అందులో స్పెల్‌క్రాఫ్ట్ (మంత్రజ్ఞానం) పరీక్ష డీసీ 15 + లెవెల్. ఓడితే స్క్రోల్ చెక్కు చెదరదు, కానీ స్పెల్‌క్రాఫ్ట్‌లో ఇంకో ర్యాంకు పెరిగేదాకా ఆ మంత్రం జోలికి పోకూడదు. గెలిస్తే స్క్రోల్ మీది అక్షరాలు మాయమవుతాయి. రాయడానికి 24 గంటలు, పుటకు 100 నాణేలు, లెవెల్‌కు ఒక పుట, పొత్తానికి 100 పుటలు. గెలిచినవాడే స్క్రోల్ పోగొట్టుకోవడం న్యాయం. 5వ కూర్పులో గెలిచినా ఓడినా స్క్రోల్ నాశనమే. ఓడినవాడికి డబ్బు దండగ, చుట్టా దండగ.

ఇరవైముఖి:
ఆ అన్యాయంలోనే ఈ సమస్యకు కీలకం ఉంది. చూడండి:

ఒకఁడు చుట్టను, వేఱొక్కఁ డొజ్జ పొత్త
ముఁ గని వ్రాసిరి; తొలివాఁడు మొదటి దెబ్బ
కోడెఁ; బాచిక లేకయె కొట్టె నితఁడు;
చుట్ట కాలెను, మంత్రము పట్టువడెను.

కాలింది ఒకడిది, పట్టుబడింది ఇంకొకడికి. వేరొకరి (ఇక్కడ ఒజ్జ, అంటే గురువు) స్పెల్‌బుక్ (మంత్రాల పుస్తకం) నుంచి ఎక్కించుకుంటే అదే సమయం, అదే ఖర్చు, కానీ పరీక్ష లేదు. మూల పుస్తకానికి ఏ హానీ జరగదు.

నిర్వాహకుడు:
భేష్! సమస్యను నడిమికి చీల్చి రెండు ముక్కలు ఇద్దరికి పంచారు. ఒక్క కామాతో పని జరిగింది. 'డొజ్జ' దగ్గర స్వరయతి (అచ్చుల పొత్తు) చక్కగా ఉంది. ఈ వారానికి ఇదే మేటి పూరణ అంటాను.

పాతపొత్తం:
పూరణ గొప్పదే, కాదనను. కానీ 'మొదటి దెబ్బకు' అంటే రెండో దెబ్బ ఉందన్న భ్రమ కలుగుతుంది. చుట్ట పోయాక రెండో ప్రయత్నానికి ఇంకో చుట్ట కొనాలి. ఇరవైముఖి గారికి క్లుప్తత మీద ఉన్న ప్రేమ మాట మీద ఉండదు.

ఇరవైముఖి:
మాట పట్టింపు ఉన్నవారు పోయిన సమస్యలో ఏం రాశారో గుర్తు చేస్తాను. 'మఱచిపోవుటె మాంత్రికు మహిమ గాదె' అన్న దానికి మీ మూడో పాదం:

నిద్ర లేచిన వెంటనే నేర్చు మరల

వెంటనే ఎలా నేరుస్తాడు? మీరు నెత్తిన పెట్టుకునే 3.5లో 8 గంటల విశ్రాంతి తర్వాత 1 గంట పుస్తకం ముందు కూర్చోవాలి. అంతకు ముందరి ఏడీ అండ్ డీ (అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్) మొదటి కూర్పులో మంత్రం లెవెల్‌కు 15 నిమిషాలు. మూడో లెవెల్ మంత్రం ఒక్కదానికే ముప్పావు గంట! 5వ కూర్పులో కూడా లెవెల్‌కు 1 నిమిషం పడుతుంది.

పాతపొత్తం:
ఆ పద్యం బలం రెండో పాదంలో ఉంది. పఠించగానే మంత్రం మనసులోంచి తుడిచిపెట్టుకు పోతుంది కనుక, ఒకే మంత్రం రెండుసార్లు కావాలంటే రెండుసార్లు కంఠస్థం చేయాలని చెప్పాను. 5వ కూర్పులో ఖర్చయ్యేది స్లాటే (మంత్రం ప్రయోగించే వంతు), సిద్ధం చేసుకున్న మంత్రం ఎక్కడికీ పోదు. ఆ మరుపు విలువ కొత్తవారికి అందదు.

తేటనీరు:
పాతపొత్తం గారి భావం అలాగే ఉంచి ఆ ఒక్క మాట మార్చవచ్చు: 'నిద్ర లేచి పొత్తము విప్పి నేర్చు మరల'. ఇక్కడితో ఆ ముచ్చట వదిలేద్దాం.

గవ్వలరాజు:
నా పూరణలో చుట్ట అంటే మూలికల చుట్ట. ఫైండ్ ఫెమిలియర్ (తోడు జంతువును రప్పించే మంత్రం) సందర్భం.

పైడి పది నాణెములవైన పసరు, బొగ్గు
ఇత్తడి కుంపటిఁ బెట్టి యెగయఁ బొగలు
గంటసేపట్లు జపియింపఁ గాకి వచ్చె;
చుట్ట కాలెను మంత్రము పట్టువడెను.

మషీపాత్ర:
10 నాణేల బొగ్గు, ధూపం, మూలికలు, ఇత్తడి కుంపటి, 1 గంట, అన్నీ కుదిరాయి. కాకి రావడం అందంగా ఉంది. కానీ రెండో పాదంలో 'ఇత్త' తర్వాత 'డి కుంప' అని ఇక్కడ చెల్లని జగణం (లఘువు, గురువు, లఘువు) వచ్చి కూర్చుంది. 'ఇత్తడి పెనుకుంపటిఁ బెట్టి' అంటే సరిపోతుంది.

ఇరవైముఖి:
గణం సరిపోయినా భావం అతకదు. ఇది మంత్రం ప్రయోగించడం, నేర్చుకోవడం కాదు. పట్టుబడింది కాకి, మంత్రం కాదు. రిచువల్‌గా (స్లాటు ఖర్చు కాని పద్ధతిలో) చేసి ఉంటే ఇంకో 10 నిమిషాలు కలవాలి కూడా.

తేటనీరు:
'కాలెను' అన్న మాటను నిజం చేయాలని ఇది రాశాను. నియమంలో స్క్రోల్ నాశనమవుతుందని ఉందే గానీ కాలుతుందని లేదు. ఫైర్‌బాల్ (అగ్నిగోళం విసిరే మంత్రం) మాత్రం ఎవరి ఒంటి మీదా, చేతిలోనూ లేని, మండే స్వభావం గల వస్తువులను అంటిస్తుంది.

బల్లపై నుంచి చుట్టనుఁ బాఱిపోయె;
అగ్గిగోళ మొజ్జ విసరె నంతలోనె;
ఒజ్జ పొత్తము నిచ్చెఁ దా నొకటె రాత్రి;
చుట్ట కాలెను మంత్రము పట్టువడెను.

నిర్వాహకుడు:
తేటనీరు గారూ, 'కాలెను'ను అక్షరాలా నిలబెట్టింది మీరొక్కరే. బల్ల మీద వదిలేయడమన్న చిన్న వివరం మీదే అంతా నిలిచింది. చేతిలో ఉంటే కాలేది కాదు. 'అగ్గిగోళము' వైరిసమాసం (తెలుగు, సంస్కృత పదాల పొసగని కలయిక), 'అగ్నిగోళ మొజ్జ' అనండి, గణాలు మారవు.

పాతపొత్తం:
'ఒకటె రాత్రి' కుదరదు. చుట్టలో ఉన్నది కూడా ఫైర్‌బాలే అనుకుంటే మూడో లెవెల్, 6 గంటలు, 150 నాణేలు. లాంగ్ రెస్ట్‌కు (పూర్తి విశ్రాంతికి) 8 గంటలు కావాలి, అందులో చదువు, కాపలా లాంటి తేలిక పనులకు 2 గంటలకు మించి చెల్లదు. రాత్రంతా రాస్తే విశ్రాంతి లేదు. విశ్రాంతి లేనిదే తెల్లవారి సిద్ధం చేసుకునే మంత్రాల పట్టీ మార్చుకోలేడు. ఐదో లెవెల్ విజర్డ్, ఇంటెలిజెన్స్ +3 అయితే 8 మంత్రాలు సిద్ధం చేసుకోగలడు. కొత్తది పుస్తకంలో ఉంటుంది గానీ ఆ ఎనిమిదిలో ఉండదు. రాసుకోవడం వేరు, పట్టుబడడం వేరు.

ఇరవైముఖి:
ఈసారి పాతపొత్తం గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. కొత్త ఆటగాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. పుస్తకంలో ఎక్కింది కదా అని విశ్రాంతి లేకుండానే వాడబోతారు.

తేటనీరు:
'ఒజ్జ పొత్తము నిచ్చెఁ దా నొక్క దినము'. పగలు 6 గంటలు రాత, రాత్రి 8 గంటలు విశ్రాంతి, లేచాక ఆ మంత్రానికి 3 నిమిషాలు. 'అగ్ని' కూడా సవరించుకున్నాను.

నిర్వాహకుడు:
ఇప్పుడు కుదిరింది. గవ్వలరాజు గారూ, మీ 'ఇత్తడి' పాదం ఇంకా అలాగే ఉంది. 'పెను' చేర్చి, కాకి బదులు మంత్రమే పట్టుబడేలా మూడో పాదం మార్చి మళ్లీ పెట్టండి. అందాకా పట్టికలో చేర్చను.