రీఫ్ ట్యాంకుకి ఎన్ని వాట్ల లైటు కావాలి?

కోరల్ (పగడాలు) పెంచే రెండడుగుల ఉప్పునీటి ట్యాంకు, లోతు అడుగున్నర. ప్రస్తుతం జోయాంథిడ్లు (కోరల్ లాంటి మెత్తటి జీవులు), ఒక హామర్ కోరల్ ఉన్నాయి, తర్వాత ఆక్రోపోరా అనే కోరల్ కూడా పెట్టాలని ఆశ. ఎన్ని వాట్ల ఎల్ఈడీ తీసుకోమంటారు?

జవాబు: వాట్లు కరెంటు ఖర్చు చెప్తాయి గానీ కోరల్‌కి ఎంత వెలుగు అందుతుందో చెప్పవు. చూడాల్సింది పార్ (PAR), అంటే కిరణజన్య సంయోగక్రియకి పనికొచ్చే వెలుగు ఎంత పడుతుందో చెప్పే కొలత. మీ దగ్గరున్న వాటికి 50 నుంచి 150 సరిపోతుంది, ఆక్రోపోరాకి మాత్రం 200 నుంచి 350 దాకా కావాలి, అందుకే దాన్ని రాళ్ల పైభాగంలో, హామర్‌ని కింద పెడితే ఒకే లైటుతో రెండూ బతుకుతాయి. నీలి రంగును విడిగా పెంచుకునే వీలున్నది చూడండి. నీలం వెలుగు మన కంటికి మసకగానే కనిపిస్తుంది, చీకటిగా ఉందని పెంచేయకండి.

ఇంకో జవాబు: పై మాట నిజం, నేను అలాగే చెడగొట్టుకున్నాను. కొత్త లైటు మొదటి రోజే ఫుల్లుగా పెట్టా, వారంలో కోరల్ తెల్లబడిపోయింది, దాని ఒంట్లో బతికే ఆల్గే (సూక్ష్మమైన నాచు) బయటికి పోయిందన్నమాట. సగం కన్నా తక్కువతో మొదలుపెట్టి నెలరోజుల్లో మెల్లగా పెంచండి, రోజుకి 8, 9 గంటలు చాలు.

అడిగినవారు: పార్ మీటర్ కొనాలా మరి?

జవాబు: ఒక్కసారి కొలవడానికి కొనడం దండగ, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి.